ప్రాకారము కట్టువేళ పొలము కొననివాడు

ధ్యాన పాఠములు: నెహెమ్యా 5:1–16, లేవీయకాండము 25:23–31



నెహెమ్యా గ్రంథమును మన సంఘములలో మందిరమునకు శంకుస్థాపన జరుగునప్పుడు ఎక్కువగా చదువుదురు. ప్రాకారము కూలియున్నది, గుమ్మములు కాలియున్నవి, దైవజనుడొకడు వచ్చి జనులను కూడగట్టి 52 దినములలో గోడను నిలిపెను. చందాలు ఎత్తుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. అయితే నాలుగవ అధ్యాయమునకును ఆరవ అధ్యాయమునకును నడుమనున్న అయిదవ అధ్యాయమును మనము తరచుగా దాటిపోవుదుము. ఆ అధ్యాయములో ఒక్క రాయియైనను పేర్చబడలేదు. పని నడుచుచుండగానే జనులలోనుండి గొప్ప మొఱ పుట్టెను. అది సన్బల్లటు మీద కాదు, టోబీయా మీద కాదు. తమ స్వజనులైన యూదులమీదనే ఆ మొఱ. పురుషులతోకూడ స్త్రీలును మొఱపెట్టిరని గ్రంథము వేరుగా చెప్పుచున్నది. ఇల్లు పోవునప్పుడు ఆ పోవుట మొదట తెలియునది పొయ్యి దగ్గర కూర్చున్నదానికే గదా!

వారి మొఱ ఏమి? కొందరు పిల్లలు గలవారు, తినుటకు ధాన్యము లేదనిరి. కొందరు కరవు కాలమున పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టితిమనిరి. కొందరు రాజునకు శిస్తు కట్టుటకై అప్పు చేసితిమనిరి. మేమును వారును ఒకే రక్తము, మా పిల్లలు వారి పిల్లలవంటివారే, అయినను మా కుమార్తెలు దాసీలైరి, మా పొలములు పరుల చేతిలో నున్నవి, మేము ఏమియు చేయలేకున్నాము అనిరి. పట్టణమునకు గోడ లేచుచున్నది, ఆ గోడ మోయుచున్న కూలివాని ఇల్లు చేజారిపోవుచున్నది. పట్టణము బాగుపడుటయు, బీదవాడు నిలువ నీడ కోల్పోవుటయు ఒకే కాలమున జరుగగలవు. నేటి మన ధ్యానమునకు ఇదే ఆరంభము.

1. గోడలేని గ్రామములు

దేవుడు మోషేద్వారా ఇచ్చిన భూమి చట్టములో మనవంటి పల్లెవాసులు జ్ఞాపకముంచుకొనవలసిన ఒక మాట యున్నది. భూమిని శాశ్వతముగా అమ్మరాదు, ఎందుకనగా అది ప్రభువుది, మనము ఆయనయొద్ద పరదేశులము, అతిథులము. ఈ మాట అందరము ఎరుగుదుము. దాని తరువాతి వచనములను కొందరే గమనింతురు. ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవాడు ఒక సంవత్సరములోగా విడిపించుకొనవచ్చును. ఆ గడువు దాటిన యెడల అది కొన్నవానిదే యగును, సునాద సంవత్సరమున కూడ తిరిగి రాదు. చుట్టు గోడలేని గ్రామములలోని ఇండ్లయితే పొలముతో సమానముగా ఎంచబడును. వాటికి విడుదల యున్నది, సునాద సంవత్సరమున అవి తిరిగి వచ్చును.

ఈ భేద మెందుకు? పట్టణములో ఇల్లు క్రయవిక్రయముల సరకు కాగలదని ఆ చట్టమునకు తెలియును. పల్లెలో ఇల్లు అట్లు కాదు. పశువుల శాల, కళ్ళము, విత్తనపు గాదె, కూలికి పోవు దారి, ఇవన్నియు ఇంటితో ముడిపడియుండును. పల్లెవాని ఇల్లు తీసికొనినవాడు వాని బ్రతుకు తీసికొనినవాడే. కాబట్టి దేవుడు ఆ ఇంటిని బజారు చేతికి ఇయ్యలేదు.

మరి గోడ కదలి వచ్చినయెడల ఏమగును? నిన్న గోడకు వెలుపలనున్న గ్రామము రేపు గోడకు లోపల పడినయెడల, ఆ ఇంటికి ఏ చట్టము? మన ప్రాంతమువారి సంకట మిదే. 1978లో విశాఖపట్టణ నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 2005లో చుట్టుప్రక్కల ఊళ్ళను కలుపుకొని మహా విశాఖ నగర పాలక సంస్థ యైనది. 2013లో మన అనకాపల్లి పురపాలక సంఘమును అందులో కలిపిరి. 2018లో ఆ నగరాభివృద్ధి సంస్థ మరింత విశాలమై మహానగర సంస్థ యైనది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. ఎవరును మన ఊరిని కదల్చలేదు. పట్టణపు గోడయే మన పొలిమేర దాటి వచ్చినది. నిన్నటివరకు ఎకరముల లెక్కన చెప్పుకొన్న నేల నేడు గజముల లెక్కకు వచ్చినది. బెల్లపు బజారు పేరు విని మన ఊరికి వచ్చువారుండిరి. ఇప్పుడు చెరకు తోట ప్రక్కన నిలిచి లేఅవుటు బోర్డు చదువువారు వచ్చుచున్నారు.

2. లోకమంతట ఇదే వరుస

1964లో లండను నగరమందు రూత్ గ్లాస్ అను పండితురాలు ఈ సంగతికి ఇంగ్లీషున ఒక పేరు పెట్టెను. కూలివారుండిన పేటలలోనికి కలవారు వచ్చి పాత ఇండ్లను కొని బాగుచేసికొనిరి. పేట అందమైనది, అద్దెలు పెరిగినవి, అక్కడ పుట్టి పెరిగినవారు అక్కడ బ్రతుకలేక లేచిపోయిరి. చేతబట్టుకొని ఎవరును వారిని వెళ్ళగొట్టలేదు, ధరయే వెళ్ళగొట్టెను. ఆ పేరు ఇప్పుడు దేశదేశముల వాడుకలో నున్నది. మన భాషలో పేరు లేకపోయినను పని మాత్రము మన కన్నుల ఎదుటనే యున్నది.

కొన్నిచోట్ల ధరతో ఆగక ప్రభుత్వపు చేయియు కలియును. 2024 సెప్టెంబరులో హైదరాబాదులో మూసీ నది ఒడ్డున, నదిని సుందరము చేయుటకై, పేదల ఇండ్ల గోడలమీద ఎఱ్ఱ గుర్తులు వేసిరి. ఐగుప్తులో ద్వారబంధములమీది రక్తపు గుర్తు ఇంటివారిని కాపాడెను. ఇక్కడి గుర్తు ఇల్లు కూలునని చెప్పెను. స్త్రీలు వీధిలోనికి వచ్చి అధికారులను నిలదీసిరి. కొందరికి రెండు పడకగదుల ఇండ్లు దొరికినవి. అయితే పని దొరకు చోటు, పిల్లల బడి, ఇరుగుపొరుగు, వీటిని మూటకట్టి క్రొత్త ఇంటికి తీసికొనిపోవుట ఎట్లు?

1985లో బొంబాయి కాలిబాటలమీద నివసించువారి వ్యాజ్యములో మన దేశపు అత్యున్నత న్యాయస్థానము జీవనోపాధి కూడ జీవించు హక్కులోని భాగమే అని చెప్పెను. చోటు పోయినయెడల పని పోవును, పని పోయినయెడల ప్రాణము పోవును అని ఒప్పుకొనెను. అయినను అదే తీర్పులో, వర్షకాలము గడచిన తరువాత వారిని తొలగించుటకు సెలవిచ్చెను. హక్కు కాగితముమీద నిలిచెను, గుడిసె నిలువలేదు. తీర్పు మంచిదైనంత మాత్రమున మన పని తీరినదని తలంపరాదు.

3. మన ప్రాంతములో జరిగినది

పెద్దలకు జ్ఞాపకమున్న సంగతి మొదట చెప్పెదను. 1966లో విశాఖలో ఉక్కు కర్మాగారము కావలెనని తెలుగువారందరు లేచిరి. ఆ ఉద్యమములో 32 మంది ప్రాణములు విడిచిరి. 1971 జనవరి 20న పునాదిరాయి పడినది. గాజువాక ప్రక్కల 60కి పైగా గ్రామములవారు తమ ఊళ్ళు విడిచి చోటిచ్చిరి. వేలకొలది కుటుంబములకు ఉద్యోగపు ఆశ చూపిరి, అందరికిని అది అందలేదు. దశాబ్దములు ఎదురుచూచిన నిర్వాసితులున్నారు. తరువాత 2021 జనవరిలో ఆ కర్మాగారమును ప్రైవేటువారికి అమ్మవలెనని కేంద్రము నిశ్చయించెను. కార్మికులు, నిర్వాసితులు వీధికెక్కిరి. 2025 జనవరిలో దానిని నిలుపుటకు 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటింపబడెను. ఈ రాకపోకల నడుమ నిర్వాసితుడు అడిగిన ప్రశ్న మరువదగినది కాదు. దేశమునకని ఇచ్చిన పొలము అమ్మకమునకు వచ్చినయెడల, అది ఎవరి చేతికి పోవును?

రెండవ సంగతి మన వాకిటిది. 2020 జనవరి 25న ప్రభుత్వము 72వ నంబరు ఉత్తరువు ఇచ్చెను. విశాఖ నగరములో ఇల్లులేని బీదలకు స్థలములు పంచుటకై, అనకాపల్లి, సబ్బవరము, పరవాడ మొదలగు పది మండలములలో 6,116 ఎకరములను సమీకరింపవలెనని దాని సారాంశము. అవి ఎట్టి భూములు? భూమిలేని బీదలకు పూర్వము ప్రభుత్వమే డి-ఫారము పట్టాలతో ఇచ్చినవి, పట్టాలేకయే బీదలు సాగుచేసికొనుచున్నవి. జీడిమామిడి, మామిడి తోటలు పెంచుకొని, ఆ పంటతో పిల్లలకు బడి ఫీజులు కట్టుకొను కుటుంబముల భూములు అందులో నున్నవి.

లెక్క చూడుడి. పట్టా గలవానికి ఎకరమునకు బాగుచేసిన స్థలము 900 గజములు. పట్టా లేక పది సంవత్సరములు దాటి సాగుచేసినవానికి 450 గజములు. అయిదు మొదలు పది సంవత్సరములవరకు సాగుచేసినవానికి 250 గజములు. ఎకరమునకు 4,840 గజములు. అనగా పట్టాదారునికి మిగులునది అయిదింట ఒక వంతుకంటె తక్కువ, చివరివానికి ఇరువదింట ఒక వంతు. స్థలము విలువ పెరుగును గనుక నష్టము లేదని చెప్పుదురు. అమ్ముకొనువానికి ఆ మాట సరిపోవచ్చును. జీడిపిక్కలు ఏరి బ్రతుకువానికి, మేకలు కాచుకొనువానికి, ఆ తోటలో కూలి చేయుదానికి 900 గజములలో ఏమి పండును? కూలిదాని పేరు ఆ లెక్కలో ఏ వరుసలోను లేదు.

రైతులు ఊరూర కూడి అడ్డు చెప్పిరి, వ్యాజ్యములు నడచినవి. తుదకు 2022 ఏప్రిల్ 28న సబ్బవరము మండలములోని పైడివాడ అగ్రహారములో ముఖ్యమంత్రి స్వయముగా వచ్చి పట్టణ పేదలకు పట్టాలు పంచిరి.

ఇది ఒక్క ప్రభుత్వపు సంగతి అని ఎవరును అనుకొనరాదు. 2015లో మరియొక ప్రభుత్వము అమరావతి రాజధాని కొరకు 29 గ్రామములలో 33 వేల ఎకరములకు పైగా ఇదే సమీకరణ పద్ధతిని తీసికొనెను. తరువాత ప్రభుత్వము మారి, రాజధాని మాట మార్చగా, 2019 డిసెంబరు 17 మొదలుకొని ఆ రైతులు, ముఖ్యముగా స్త్రీలు, దీక్షలు పూనిరి. 2022 మార్చి 3న ఉన్నత న్యాయస్థానము వారికిచ్చిన మాట నిలుపవలెనని తీర్పు చెప్పెను. పొలము ఇచ్చినవాడును ఏడ్చెను, ఇయ్యననినవాడును ఏడ్చెను. సింహాసనముమీద కూర్చున్నవారు మారిరి, వీధిలో కూర్చున్నవారు మారలేదు.

సమీకరణకే ఎందుకు ఇంత మక్కువ? 2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ చట్టము ప్రకారము భూమి తీసికొనుటకు ముందు గ్రామసభతో సంప్రదించి, ఆ ఊరి బ్రతుకుమీద దాని ప్రభావమెట్టిదో విచారింపవలెను. ప్రైవేటు సంస్థకైనచో నూటికి 80 మంది సమ్మతి కావలెను. భూమిలేని కూలివానికి కూడ పునరావాసము చూపవలెను. ఇది కష్టమైన దారి. సమీకరణమైతే భూమిగలవాడు తానే ఇచ్చెనని కాగితము పుట్టును, కూలివాని ప్రశ్న రాదు. అదియుగాక 2018లో మన రాష్ట్రము ఆ చట్టమును సవరించి, కొన్ని తరగతుల పనులకు ఆ విచారణ అక్కరలేకుండ చేసికొనెను.

4. బీదవానిని బీదవానిపై ఎక్కింపరాదు

ఇక్కడ మనస్సాక్షితో ఆలోచింపవలసినది ఒకటి యున్నది. పైడివాడలో పట్టా అందుకొన్న ఆమె ఎవరు? అద్దెగదిలో నలుగురు పిల్లలతో నలిగి, నెలనెలా యజమానుని మాట పడుచున్న ఆమె కాదా? ఆమె కూడ దేవుని బిడ్డయే. ఆమెకు ఇచ్చినది ఒక సెంటు, అనగా ఇంచుమించు 48 గజములు. ఆ సెంటు ఆమె దొంగిలింపలేదు. ఆమెను తిట్టుచు చేయు పోరాటము క్రీస్తు పోరాటము కాదు.

అయితే ఒక ప్రశ్న అడుగవలెను. నగరములో బీదలకు ఇండ్లు కావలసివచ్చినప్పుడెల్ల ముప్పది, నలుబది కిలోమీటర్ల దూరముననున్న బీదవాని జీడితోటయే ఎందుకు కనబడును? నగరము మధ్యనున్న విలువైన నేల ఎందుకు కనబడదు? 1976లో పట్టణములలో ఒక్కొక్కరు ఉంచుకొనదగిన ఖాళీ స్థలమునకు మితి పెట్టుచు ఒక చట్టము పుట్టెను. మితి దాటిన నేలను బీదల ఇండ్లకు వాడవలెనని దాని ఉద్దేశము. అది ఎన్నో మినహాయింపులతో నీరుగారిపోయెను, 2008లో మన రాష్ట్రములో రద్దయ్యెను. కలవాని నేలమీది మితి ఎత్తివేయబడెను, బీదవాని తోటమీద కొలతబద్ద పడెను. అడుగవలసిన ప్రశ్న ఇదే, దానిని కొలువులో ఉన్నవారిని అడుగవలెను గాని సెంటు స్థలములో రేకులషెడ్డు వేసికొన్న సహోదరిని కాదు.

బెర్లిను పట్టణములో అద్దెలు మితిమీరగా అద్దెకున్నవారే వీధివీధి తిరిగి సంతకములు కూర్చిరి. 2021 సెప్టెంబరు 26న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, 3,000కు మించి ఇండ్లుగల కంపెనీల ఇండ్లను ప్రజల పరము చేయవలెనని సగముకంటె ఎక్కువమంది ఓటు వేసిరి. ఆ ఓటుమాత్రముననే ఇండ్లు చేతికి రాలేదు. అయినను అద్దెవారు అద్దెవారితో కలహింపక ఇండ్లను గుత్తపట్టినవారివైపు చూపిరి. ఈ తెలివి మనకును కావలెను.

5. నెహెమ్యా ఏమి చేసెను?

మొఱ విని అతడు మిక్కిలి కోపపడెను. కోపము పాపము కాదు, విన్నది అన్యాయమైనప్పుడు. అయినను కోపములోనే పరుగెత్తలేదు, తనలో తాను ఆలోచించుకొనెను. తరువాత ప్రధానులను, అధికారులను ముఖాముఖిగా గద్దించెను. అటుపిమ్మట గొప్ప సభ కూర్చెను. మూసిన గదిలో నలుగురు పెద్దలతో మాటాడి ముగింపలేదు. నాబోతు సంగతి ఎట్లు జరిగెనో తలంచుకొనుడి. యెజెబెలు రాజముద్ర వేసి తాకీదులు వ్రాయగా, ఊరి పెద్దలే సభ కూర్చిరి, ఊరిలోనే ఇద్దరు అబద్ధసాక్షులు దొరికిరి. రాజు అడుగు పెట్టకముందే నాబోతు పోయెను. ద్రాక్షతోటకు బదులు మంచితోట యిత్తును, కాదన్న డబ్బిత్తునని మొదట తియ్యగా బేరమాడినది ఆ రాజే. సభ రెండుచోట్ల జరిగెను. ఒకచోట సభ బీదవానిని చంపెను, మరియొకచోట సభ బీదవాని ఇల్లు తిరిగి ఇప్పించెను. సభలో ఎవరు మాటాడిరన్నదే భేదము.

మూడవది, నేడే తిరిగి ఇయ్యుడని అతడు అడిగెను. పొలములు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు, ఇండ్లు అని పేరుపేరున చెప్పెను. ఇచ్చెదమని వారనగా ఆ మాటతో విడిచిపెట్టక, యాజకులను పిలిచి ప్రమాణము చేయించెను. పాస్టరుగారికి రాజకీయము ఎందుకని అడుగువారు ఈ వచనము చదువవలెను. యాజకులు అక్కడ పార్టీ జెండా మోయలేదు. ఇచ్చిన మాటకు దేవుని యెదుట సాక్షులుగా నిలిచిరి. సంఘకాపరికి తగిన చోటు అదియే.

ఇక 16వ వచనమునకు వచ్చితిమి. గోడపనిలో తాను పట్టుదలతో పనిచేసితిననియు, తానును తనవారును ఏ భూమియు సంపాదించుకొనలేదనియు అతడు చెప్పుకొనెను. సహోదరులారా, ఈ ఒక్క మాటమీద ఎంతసేపైనను ఆగవచ్చును. గోడ ఎక్కడ లేచునో మొదట తెలియువాడు అధిపతియే. గుమ్మము ఏ వైపు తెరచునో, ఏ వీధికి విలువ వచ్చునో అతనికి ముందే తెలియును. బీదలు కరవుతో పొలములు అమ్ముకొనుచున్న దినములవి. చేయి చాచినయెడల యెరూషలేము చుట్టు సగము నేల అతనిదే అయ్యెడిది. అతడు చేయి చాపలేదు. పండ్రెండు సంవత్సరములు అధిపతికి రావలసిన భోజనపు సొమ్ము కూడ తీసికొనలేదు.

నగరపు ప్లాను గీయువాడును, ఆ ప్లాను వెంబడి నేల కొనువాడును ఒకడే అయినయెడల, లేక ఒకరి బల్లయొద్ద మరియొకడు భోజనము చేయుచున్నయెడల, ఆ ప్లానులో బీదవాని ఇల్లు ఎక్కడ పడును? రోడ్డు ఎటు పోవునో ప్రజలకు తెలియకముందే దళారి ఊరిలోనికి వచ్చినయెడల ఎవరో అతనికి చెప్పిరన్నమాటయే. మనము ఓటు అడుగవచ్చిన వారిని కులము అడుగుదుము, పార్టీ అడుగుదుము. ఇకమీదట 16వ వచనము అడుగుదము: అయ్యా, పని నడుచుచుండగా మీరును మీవారును ఎంత నేల కొంటిరి?

6. మనము చేయదగిన పనులు

మొదటిది, కాగితములు. యెరూషలేము ముట్టడిలోనుండగా యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, సాక్షుల సంతకములతో, ముద్రవేసిన పత్రమును, ముద్రలేని నకలును మట్టికుండలో పెట్టించెను, అవి బహుదినములు నిలుచుటకై. మీ డి-ఫారము పట్టా, అడంగలు నకలు, శిస్తు రసీదులు, కరెంటు బిల్లు ఒకచోట భద్రపరచుడి. నకళ్ళు రెండు తీయించుడి. అసలు కాగితము దళారి చేతికి ఇయ్యకుడి. తెల్లకాగితముమీద వేలిముద్ర వేయకుడి. చదువుకొన్న యౌవనస్థులు ప్రతి కాగితమును పెద్దలకు బిగ్గరగా చదివి వినిపింపవలెను.

డి-పట్టా భూమిని గూర్చి ఒక మాట. 1977 నాటి చట్టము ప్రకారము బీదలకిచ్చిన ఆ భూమిని కొనుట చెల్లదు. అయినను ఉత్తరువు రాకముందే తెలిసినవారు వచ్చి, ఎటులను ప్రభుత్వము తీసికొనును, ఇంత పుచ్చుకొనుమని భయపెట్టి వ్రాయించుకొందురు. 2023లో ఆ చట్టము సవరింపబడి, 20 సంవత్సరములు దాటిన అసలు పట్టాదారులకు పూర్తి హక్కునకు దారి ఏర్పడెను. 2024లో వచ్చిన ప్రభుత్వము అట్టి భూముల రిజిస్ట్రేషనులను ఆపి విచారణకు పూనుకొనెను. చట్టము మారుచున్నంతకాలము త్వరపెట్టువానిని నమ్మకుడి. ఈ ఉదయమే సంతకము కావలెననువాడు మీ మేలు కోరువాడు కాడు.

రెండవది, పేర్లు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలువబడి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడిగిరి. దేవుడు వారి మాట న్యాయమనెను. మీ ఊరిలో కౌలుదారులు, కూలివారు, విధవలు, ఇతరుల దొడ్డిలో గుడిసె వేసికొన్నవారు ఎందరో సంఘము వ్రాసియుంచవలెను. ప్రభుత్వపు లెక్కలో లేనివాడు సంఘపు లెక్కలోనైనను ఉండవలెను. కౌలుదారులకు 2019 చట్టము ప్రకారము సాగుహక్కు పత్రము దొరకును. దానికి భూయజమానుని ఒప్పుదల కావలెను. మన సంఘములో పొలముగల పెద్దలారా, మీ కౌలుదారునికి ఆ సంతకము పెట్టుట మీ చేతిలోనున్న ధర్మము.

మూడవది, సభ. గ్రామసభ జరుగునాడు కూలి మానియైనను పోవుడి. స్త్రీలు ముందువరుసలో కూర్చుండవలెను. తీర్మానము పుస్తకములో ఎక్కినదాక లేవకుడి. 2005 సమాచారహక్కు చట్టము క్రింద, ఏ సర్వే నంబరు ఏ పనికి గుర్తింపబడినదో అడుగవచ్చును. గ్రామస్థాయి కార్యాలయములో దానికి రుసుము లేదు, మండలములో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 దినములలో జవాబు రావలెను. వ్యాజ్యము నడుపవలసివచ్చినయెడల, 1987 చట్టము ప్రకారము స్త్రీలకును, ఆదాయము తక్కువైనవారికిని ప్రభుత్వమే ఉచితముగా వకీలును ఇచ్చును. అనీతిమంతుడైన న్యాయాధిపతిని విధవ ఒక్కతెయే విసిగించి న్యాయము పొందెనని ప్రభువు చెప్పెను. ఊరంతయు కలిసి అడిగినయెడల మరి ఎంత బలము!

నాలుగవది, చేతులు శుభ్రముగా ఉంచుకొనుడి. రాయి విసరకుడి, అధికారిని బూతులాడకుడి. ఆయనయు ఉద్యోగము చేసికొను మనిషియే. నెహెమ్యా గద్దించెను గాని ఎవరి ఇల్లును తగులబెట్టలేదు.

7. సంఘము చేతిలోని నేల

తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభము కావలెను. మిషనరీల కాలమున మన తెలుగుదేశపు పట్టణములలో సంఘములకు విశాలమైన కాంపౌండులు ఏర్పడినవి. బంగళా, బడి, ఆసుపత్రి, సమాధుల తోట, వాటి ప్రక్కన ఉపదేశకుల, బైబిలు స్త్రీల, వంటవారి చిన్న ఇండ్లు. ఊరి చివరనుండిన ఆ నేలలు నేడు ఊరి నడుమకు వచ్చినవి. బిల్డరుల కన్ను వాటిమీద పడినది. పలుచోట్ల కమిటీలలోని కొందరు మూసిన తలుపుల వెనుక సంతకములు పెట్టగా దుకాణముల మేడలు లేచినవి. తరతరములుగా అక్కడున్న బీదకుటుంబములు ఖాళీచేయవలసివచ్చినది. ప్రభుత్వము చేసినయెడల అన్యాయమని, సంఘము చేసినయెడల అభివృద్ధియని పిలుచుట ఎట్లు?

అమెరికాలోని జార్జియా రాష్ట్రములో 1969లో ఛార్లెస్ షెరాడ్ అను బాప్టిస్టు సేవకుడును ఆయన సహోదరులును వేరుదారి తొక్కిరి. నల్లజాతి రైతులు ఓటుహక్కు అడిగినందుకు భూయజమానులు వారిని ఇండ్లలోనుండి వెళ్ళగొట్టుచుండిరి. వీరు అప్పుచేసి సుమారు 5,700 ఎకరములు కొని, దానిని ఎవరి సొంతము చేయక అందరి పేర ధర్మనిధిగా ఉంచిరి. ఇల్లు కుటుంబముది, నేల మాత్రము అమ్మబడదు. లేవీయకాండము 25ను నేలమీద వ్రాసినట్లయ్యెను. కరవు వచ్చెను, జాతిద్వేషముచేత అప్పు అందవలసిన వేళ అందలేదు, 1985లో ఆ భూమి చేజారెను. అయినను న్యాయము కొరకు విడువక పోరాడగా 2009లో ప్రభుత్వమువారు 1 కోటి 20 లక్షల డాలర్లు పరిహారము చెల్లించిరి. వారు నాటిన పద్ధతి నేడు అనేక పట్టణములలో బీదల ఇండ్లను కాపాడుచున్నది.

కాబట్టి ప్రతి సంఘము మూడు సంగతులు నిశ్చయించుకొనవలెనని ప్రార్థనతో మనవి చేయుచున్నాను. సంఘపు నేల లెక్క, సర్వే నంబర్లతోకూడ, సంవత్సరమునకొకసారి సర్వసభ్య సభలో చదువవలెను. సభ ఎరుగకుండ ఏ గజమును అమ్మరాదు, దీర్ఘకాలపు లీజునకు ఇయ్యరాదు. ఖాళీ నేల ఉన్నచోట మేడకు ముందు, నిలువనీడ లేని విధవకును, పని విరమించిన ఉపదేశకునికిని ఒక గది కట్టవలెను. అట్లు చేసిన సంఘము కలెక్టరు యెదుట నిలిచి మాటాడునప్పుడు దాని మాటకు బరువుండును.

ముగింపు

యెషయా 65వ అధ్యాయములో దేవుడు క్రొత్త ఆకాశమును క్రొత్త భూమిని గూర్చి సెలవిచ్చునప్పుడు, ఇల్లు కట్టినవాడే అందులో కాపురముండు దినము వచ్చుననెను. ఒకడు కట్టగా మరియొకడు చేరుట అక్కడ లేదు. ఆ దినమువరకు దేవుని ప్రజలు చేయవలసినది నెహెమ్యా సభలో కనబడుచున్నది. అతడు తన ఒడి దులిపి, మాట తప్పినవానిని దేవుడు ఇట్లే ఇంటిలోనుండి దులిపివేయునుగాక అనెను. సమాజమంతయు ఆమేన్ అనెను. ఆ ఆమేన్ తరువాతనే ఆరవ అధ్యాయము వచ్చినది, గోడ పూర్తియైనది. బీదల ఇండ్లు తిరిగి ఇచ్చుట పనికి అడ్డు కాలేదు.

ప్రార్థన: సర్వభూమికి యజమానుడవైన తండ్రీ, తలవాల్చుకొనుటకు చోటులేక ఈ లోకమున నడచిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఇల్లు పోవునను భయముతో నిద్రపట్టని వారికి తోడుగా నుండుము. సెంటు నేలలో బ్రతుకు మొదలుపెట్టిన వారిని దీవించుము. మా పాలకులకు నెహెమ్యా చేతులను, మా స్త్రీలకు సెలోపెహాదు కుమార్తెల ధైర్యమును, మా సంఘములకు నీ నేలయెడల భయమును దయచేయుము. ఆమేన్.